పోలరాజు గారి సుత్తి, మూడో చక్రం

పోలరాజు గారి మీద ఆయన కూతురు ఉజ్వలకి పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. ఒక్కటే ఉంది. పుట్టి అరవై మూడేళ్ళయినా ఆయన ఇంతవరకూ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. అలాంటి మనిషితో ఒకే కప్పు కింద బతకడం ఎంత కష్టమో, తప్పులు చేసేవాళ్ళకే తెలుస్తుంది.

ఉజ్వల ఏడో తరగతిలో ఉండగా విజయనగరంలో పెళ్ళికని ఆయన ఇంటిల్లిపాదినీ టాటానగర్ స్టేషన్లో రైలెక్కించారు. రైల్వే ఉద్యోగి, టైమ్ టేబుల్ నోటికొచ్చు, అడిగే ధైర్యం ఎవరికి? రెండు గంటలు పోయాక కిటికీలోంచి పురూలియా అనే బోర్డు కనిపించింది. విజయనగరం ఒకవైపు, పురూలియా ఇంకోవైపు. పొరపాటు జరిగిందని ఆయన ఈ రోజుకీ ఒప్పుకోలేదు. వేరే రైలు వచ్చి మన ప్లాట్‌ఫారం మీద నిలబడిందని, పెళ్ళివాళ్ళు కూడా ముహూర్తం తొందరపడి పెట్టుకున్నారని ఆయన అభిప్రాయం.

ఈ మధ్య ఆ అభిప్రాయాలకి మరికొన్ని చేరాయి. టీవీ కంపెనీలవాళ్ళు సౌండు తగ్గించేసి అమ్ముతున్నారట. ఈ కాలం పిల్లలకి నోరు తెరిచి మాట్లాడే ఓపిక లేదట. భార్య సూర్యకాంతం గారి గొంతు పెళ్ళినాటితో పోలిస్తే సగానికి సగం పడిపోయిందట. ఈ చివరి మాట మాత్రం జంషెడ్‌పూర్‌లో వాళ్ళుండే భాలుబాసా పేటలో ఇరుగుపొరుగు ఎవరూ నమ్మరు.

ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఆయన పని ఒక్కటే. బండి వచ్చి ఆగగానే పొడుగు పిడి సుత్తి పట్టుకుని పెట్టె పెట్టెకీ నడుస్తూ ప్రతి చక్రాన్నీ ఒక్క దెబ్బ కొట్టడం. మంచి చక్రం గుడిగంటలా పలుకుతుంది. లోపల పగులుంటే మూగగా మూలుగుతుంది. రిటైరైన రోజున అందరూ గోడ గడియారం తెచ్చుకుంటారు. ఈయన సుత్తి అడిగి తెచ్చుకున్నారు.

ఆ సుత్తికి కూతురే మళ్ళీ ఉద్యోగం ఇచ్చింది. మెకానికల్ డిప్లొమా చదివిన ఉజ్వల, బిష్టుపూర్‌లో ఓ పెద్ద టైర్ల షోరూంలో నాలుగేళ్ళు చేసి, అక్కడ నేర్చుకునేది అయిపోయి నేర్పేది మిగలడంతో భాలుబాసాలో ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి "ఉజ్వల వీల్ కేర్" పెట్టింది. టైర్లు అమ్ముతుంది. సొట్టలు పడ్డ అల్లాయ్ వీల్స్ సరిచేసి, పాత పెయింట్ తీసి, కొత్త కోటింగ్ వేస్తుంది. పోలరాజు గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి చక్రాన్నీ అలవాటు కొద్దీ ఓ దెబ్బ వేస్తారు. అది కూడా సర్వీసులో భాగమేననుకుని కస్టమర్లు ఊరుకుంటారు.

జూలైలో ఒక సాయంత్రం, వాన కుండపోతగా పడుతుంటే, ఆ షెడ్డులోకి ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారొకటి కుంటుకుంటూ వచ్చింది. మోకాలెత్తు కారు. అందులోంచి దిగిన మనిషి మాత్రం ఆరడుగులు. మడత పెట్టిన గొడుగు విప్పినట్టు, ఒక్కో కీలూ తెరుచుకుంటూ దిగాడు. పేరు దుర్గాప్రసాద్ అని తర్వాత తెలిసింది. ప్రస్తుతానికి తడిసిన కస్టమర్.

"టైర్లు కొత్తవే మేడమ్. గడ్ఢాలో, అదే గుంతలో, పడి ఒకటి పోయింది. అలాంటిదే ఒకటి వేసెయ్యండి, బస్."

ఉజ్వల టార్చి పట్టుకుని కింద కూర్చుంది. టైరు పక్కన అచ్చువేసి ఉన్న అంకెలు చదివింది. కారు ఎప్పుడు కొన్నారని అడిగింది. రెండు నెలల క్రితం, కోల్‌కతాలో సెకండ్ హ్యాండ్. టైర్లు కొత్తవని అమ్మినాయన ఒట్టేశాడట.

"అబద్ధమాడలేదు. ముప్పై రెండు, పదహారు. అంటే రెండు వేల పదహారులో ముప్పై రెండో వారం పుట్టాయి. అప్పుడు కొత్తవే."

గాట్లు ఎంత లోతుగా ఉన్నాయో చూడమన్నాడతను. గాట్లున్నాయి, రబ్బరే చచ్చిపోయింది, గోరు గుచ్చి చూసుకోమంది ఆమె. అతను గుచ్చాడు. గోరు విరిగింది.

"ఇంకొకటి. వెనక టైర్ల మీద ఈ బాణం చూశారా? తిరగాల్సిన దిక్కు అది. రెండూ తిరగేసి బిగించారు. వానలో మీ కారు రివర్స్‌లో మాత్రమే సేఫ్."

అతనికి కోపం వచ్చింది. వచ్చినా, ఫోన్లో దాచుకున్న బొమ్మ తీసి చూపించాడు. అలాగైతే నాలుగూ మార్చేసి, రెండంగుళాలు పెద్ద వీల్స్, వాటికి సన్నటి టైర్లు కావాలన్నాడు. ఉజ్వల ఆ బొమ్మని చాలాసేపు చూసింది. రిమ్ముకీ రోడ్డుకీ మధ్య అప్పడమంత టైరు. పక్కపేట భుయ్యాడీహ్ దాకా వెళ్ళొచ్చు, తిరిగి రావడం మాత్రం అక్కడ నది దగ్గర తిరిగే ఎడ్లబండ్ల దయ అంది.

"లుక్ వస్తుంది కదా మేడమ్."

"ఆగి ఉన్న కారుకి వస్తుంది. మీరు నడుపుతారా, నిలబెడతారా?"

అతను ఆటో ఎక్కి బిష్టుపూర్ వెళ్ళిపోయాడు, అక్కడి పెద్ద షోరూంలో అడిగి వస్తానని. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. అక్కడివాళ్ళు బొమ్మ చూసి, ఇలాంటి కేసులు భాలుబాసా మేడమ్ చూస్తుంది, మాకు కూడా ఆవిడే నేర్పింది అన్నారట. ఈ సంగతి చెప్తూ అతను నవ్వాడు. ఓడిపోయి నవ్వగలిగే మగవాణ్ణి ఆ షెడ్డులో చూడడం ఉజ్వలకి అదే మొదటిసారి. టార్చి ఆర్పడం మర్చిపోయింది.

టైర్ల ఎంపిక గంటలో అయిపోయింది. కంపెనీ చెప్పిన సైజే, ముందు రెండూ కాస్త సన్నం, వెనక రెండూ వెడల్పు, నాలుగూ ఈ ఏడాది పుట్టినవి. వీల్స్ మాత్రం అంచులన్నీ ఫుట్‌పాత్‌లకి గీసుకుపోయి, ఎలుకలు కొరికినట్టున్నాయి. నాలుగూ ఊడదీసి కొత్తగా చెయ్యాలంది. ఏ రంగు కావాలని అడిగింది.

రంగు ఎంపికకి తొమ్మిది రోజులు పట్టింది.

సిల్వర్ ఎండలో ఎలా ఉంటుందో చూడాలని ఒక రోజు వచ్చాడు. బ్రాంజ్ వానలో ఎలా ఉంటుందో చూడాలని మూడు రోజులు వచ్చాడు. జూలై కాబట్టి వాన అడిగినప్పుడల్లా పడింది. గన్ మెటల్ నీడలో చూడ్డానికి వచ్చిన రోజున సూర్యకాంతం గారు టీతో పాటు పకోడీ కూడా పెట్టారు. అతని తాతగారిది పలాస దగ్గర పల్లెటూరని, అతను ఫ్యాక్టరీలో క్రేన్ హుక్కులకీ రోలర్లకీ పగుళ్ళున్నాయేమో పరీక్ష చేసే ఇంజినీరని, వంకాయ తినడని ఆవిడ పకోడీ చల్లారేలోపు రాబట్టేశారు.

పోలరాజు గారు రాబట్టింది ఒక్కటే, కారుకి సీట్లు రెండేనని.

"రెండు సీట్ల బండి కొన్నోడికి సంసారం మీద సూపు ఉంటదేటి? ఆడూ, ఆడి పెళ్ళాం. మరి అత్తా మావా పైన కూకోవాలా?"

అతని పెళ్ళి సంగతి ఇక్కడెవరూ ఎత్తలేదని ఉజ్వల అంది. ఆయన వినిపించుకోలేదు. ఆయన వినిపించుకోకపోవడం ఇంట్లో ఎవరికీ వింత కాదు.

పదో రోజున దుర్గాప్రసాద్ రంగుల కార్డు మూసి బల్ల మీద పెట్టాడు.

"సిల్వరే. మొదటి రోజే అనుకున్నాను."

"మరి ఈ తొమ్మిది రోజులూ?"

"రంగు తేలిపోతే ఇక రావడానికి పనేముంది, ఉజ్వల గారూ?"

మేడమ్ కాస్తా ఉజ్వల గారు ఎప్పుడయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు. ఆమె బల్ల మీద లేని దుమ్ము తుడిచి, ఆ మాట గుమ్మంలో కుర్చీకి వినిపించమంది. రేకుల మీద వానగా ఉంది, కాస్త గట్టిగానే చెప్పమని కూడా అంది.

అతను వెళ్ళి, ఎదురుగా నిలబడి, ఉజ్వలని చేసుకుంటానని హిందీ తెలుగు కలిపి గట్టిగానే చెప్పాడు. పోలరాజు గారు అతన్ని పైనుంచి కిందికి చూసి, సుత్తి అందుకున్నారు. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"బయపడకు. పగుళ్ళు ఎతకడం నీ పని అన్నావు గదా, నా పనీ అదే. నీ నాలుగు సక్రాలూ కొడతాను. నాలుగూ పలికితే కూకుని మాటాడుకుందాం. ఒక్కటి మూగదైనా మరి ఈ గుమ్మం తొక్కకు."

అతను సరేనన్నాడు. ఉజ్వల వద్దనేలోపే అన్నాడు.

టైర్లు విప్పేసిన వీల్స్ ఇనప కడ్డీకి వేలాడుతున్నాయి. ఆయన మొదటిది కొట్టారు, తలాడించారు. రెండోది కొట్టారు, తలాడించారు. మూడోది కొట్టి, తల పక్కకి వంచి, మళ్ళీ కొట్టి, కుర్రాడి మొహంకేసి చూశారు.

"ఇది సచ్చిపోయింది."

ఉజ్వలకి తేడా ఏమీ తెలియలేదు. వాన హోరులే అనుకుంది. దుర్గాప్రసాద్ ఒప్పుకోలేదు. ఇది రైలు చక్రం కాదు అంకుల్, దీనికి సైన్స్ ఉంది అన్నాడు. మర్నాడు సైన్స్ ఒక సంచీలో తెచ్చాడు. వీల్ మీద ఎర్ర రంగు చల్లాడు, ఆగాడు, తుడిచాడు, తెల్ల పొడి చల్లాడు. పగులుంటే తెల్లటి పొడిలో ఎర్ర గీత లేస్తుందట. అందరూ చూశారు. సూర్యకాంతం గారు కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూశారు. గీత లేవలేదు.

"నీ రంగుకి ఏటి తెలుసు," అన్నారు పోలరాజు గారు, పేపరు తిరగేస్తూ.

ఎలాగూ కోటింగ్ కోసం పాత పెయింట్ తియ్యాలి కదాని ఉజ్వల ఆ వీల్‌ని మందు తొట్టెలో వేసింది. రెండు రోజుల తర్వాత పైకి తీసింది. లోపలి గోడ మీద పెయింట్‌తో పాటు అరచేయంత లప్పం కూడా ఊడి వచ్చింది. కింద ఎవరో వేసిన పాత వెల్డింగ్, దాని కొసనుంచి వెంట్రుక లాంటి పగులు. కోల్‌కతా ఆయన ఒట్టు అక్కడ బయటపడింది.

దుర్గాప్రసాద్ దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత పోలరాజు గారి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"పెయింట్ మీద టెస్ట్ చెయ్యకూడదని ట్రైనింగ్‌లో ఫస్ట్ అవర్‌లోనే చెప్తారు అంకుల్. నాకు తెలుసు. పెయింట్ తియ్యడానికి రెండు రోజులు పడుతుంది, అంతవరకు ఆగలేకపోయాను. గల్తీ నాదే."

ఆ ఇంట్లో తప్పు నాదేనన్న మాట అంత తేలిగ్గా ఎవరూ అని ఉండలేదు. పోలరాజు గారు సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. అతను ఉజ్వలకేసి ఒకసారి చూసి, గొడుగు మర్చిపోయి, వానలోకి వెళ్ళిపోయాడు. ఆడిన మాటకి నిలబడేవాళ్ళతో ఇదే చిక్కు, నిజంగానే రావడం మానేస్తారు.

కారు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. వెల్డింగ్ వీల్ పనికిరాదు. అలాంటిదే ఇంకోటి కోల్‌కతాలో పాత కార్ల సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర దొరకాలి. అంతవరకూ అది టార్పాలిన్ కప్పుకుని, కాళ్ళ బదులు ఇనప స్టాండ్ల మీద, షెడ్డు మధ్యలో కూర్చుంది. ఉజ్వల రోజుకి పదిసార్లు దాన్ని చుట్టి నడవాల్సి వచ్చేది. ఫోన్లో మెసేజీలు నడిచాయి, అన్నీ వ్యాపారమే. బోల్టులు ఐదా అని అతను, ఐదే అని ఆమె. అంచు వెడల్పు ఎంతని అతను, కొలిచి చెప్తానని ఆమె. బోల్టుల గురించి ఇంత దిగులుగా రాసుకున్నవాళ్ళు జంషెడ్‌పూర్‌లో ఇంకెవరూ ఉండరు.

ఇటు పోలరాజు గారి కీర్తి సాక్చీ బజారు దాటి పాకింది. సైన్స్‌కి దొరకనిది సుత్తికి దొరికిందట. జనం వీల్స్ ఆటోల్లో వేసుకుని మరీ వచ్చారు. ఆయన కొట్టేవారు, తలాడించేవారు, అన్నీ బాగున్నాయనేవారు. ఆయన వెళ్ళాక ఉజ్వల ప్రతి వీల్‌నీ మళ్ళీ మెషిన్ మీద చూసుకునేది. ఒకరోజు ఒకాయన తెచ్చిన వీల్‌కి వేలు దూరేంత చీలిక ఉంది. పోలరాజు గారికి ఆ వైపు కనపడలేదు. కొట్టారు. డబ్బా మీద కొట్టినట్టు చప్పుడైంది. రోడ్డవతల కుక్క కూడా తలెత్తి చూసింది.

"గంటలాగుంది," అన్నారాయన.

ఉజ్వల ఆ వీల్ పక్కన పెట్టేసింది. కస్టమర్ వెళ్ళాక, పేపరు చదువుకుంటున్న తండ్రి వెనకాల వెళ్ళి నిలబడింది.

"నాన్నా, ఇల్లు అంటుకుంది," అంది మామూలు గొంతుతో.

ఆయన పేజీ తిప్పారు.

కాస్త ఆగింది. అదే గొంతుతో అంది.

"నాన్నా, నాకు దుర్గాప్రసాద్ అంటే ఇష్టం. చేసుకుంటే అతన్నే చేసుకుంటాను."

ఆయన ప్రశాంతంగా వాతావరణ సూచన చదువుకుంటున్నారు. ఆమె వెనక్కి తిరిగింది. టీ గ్లాసులతో సూర్యకాంతం గారు.

"నేను పదేళ్ళుగా ఆయన ఎనకాలే మాటాడతన్నాను," అన్నారావిడ. "ఏటైనా ఒప్పించాలంటే ముందుకెళ్ళి నిలబడాలే, అమ్మీ."

వీల్ ఆగస్టు రెండో వారంలో వచ్చింది. నాలుగు రోజులకి కారు తీసుకెళ్ళడానికి దుర్గాప్రసాద్ కూడా వచ్చాడు, గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆ రోజు చిత్రంగా వాన లేదు. రేకుల మీద చినుకు చప్పుడు లేదు, రోడ్డు మీద ఆటో చప్పుడు లేదు. సాకు దొరకనంత నిశ్శబ్దం.

మూడు వీల్స్ సిల్వర్ రంగులో కొత్త టైర్లు తొడుక్కుని మెరుస్తున్నాయి. నాలుగోది టైరు లేకుండా కడ్డీకి వేలాడుతోంది. ఉజ్వల సుత్తి తెచ్చి తండ్రి చేతికిచ్చి, ఆయన ఎదురుగా నిలబడింది.

"కోల్‌కతానుంచి వచ్చింది నాన్నా. ఇదీ సెకండ్ హ్యాండే. మెషిన్లూ రంగులూ నాకు అక్కర్లేదు. నువ్వు బాగుందంటే టైరు ఎక్కించేస్తాను. మొదట నేనే ఎక్కి కూర్చుంటాను. చాండిల్ డ్యామ్ దాకా హైవే మీద వంద స్పీడులో పోయి వస్తాం."

"నువ్వేటి ఎక్కడం? ఆణ్ణి పొమ్మను."

"రెండు సీట్లున్నాయి కదా."

పోలరాజు గారు సుత్తి ఎత్తారు. కొట్టారు. తల పక్కకి వంచారు. ఇంకోసారి కొట్టారు. వేళ్ళు వీల్ మీద ఆనించి మళ్ళీ కొట్టారు. ఎప్పటిలా తలాడిస్తే అయిపోయేది. కూతురి మొహం చూశారు. ఎర్ర కారులో పక్క సీటు చూశారు. ఆ సీటు నేలకి ఎంత దగ్గరో ఆయన ఇంతకుముందు గమనించినట్టు లేదు.

సుత్తి కింద పెట్టేశారు.

"దీన్ని నువ్వు ఆ రంగు ఏసి సూడు బాబూ. పెయింట్ తీసి సూడు." గొంతు సర్దుకున్నారు. "నాకు తెల్దు."

పెయింట్ తీసి, ఆ రంగు వేసి చూసి, నిన్ననే కొత్త కోటింగ్ కూడా వేసేసిన ఉజ్వల ఆ సంగతి అప్పుడే చెప్పదలచుకోలేదు.

"మొన్న నీ మూడో సక్రం సచ్చిపోయిందన్నాను సూడు," అన్నారాయన అతనికేసి తిరిగి. "నాకేటీ ఇనపడ్నేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. బళ్ళు కొట్టీ కొట్టీ ఈ సెవులు ఎప్పుడో పోనాయి. నిన్ను పంపించీడానికి నోటికొచ్చిన నెంబరు సెప్పేశాను."

దుర్గాప్రసాద్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఆయన ముందుకి వచ్చి, పెదవులు కనపడేలా నిలబడి, నెమ్మదిగా అన్నాడు. ఆ జాగ్రత్త అతనికెవరు నేర్పారో ఉజ్వల ఆరా తియ్యలేదు. కాకపోతే ఆమె పంపిన బోల్టుల మెసేజీల్లో వ్యాపారం కానిది కూడా ఒకటి ఉంది.

"క్రాక్ మాత్రం నిజంగానే ఉంది అంకుల్. మీరు ఆ నెంబర్ చెప్పకపోతే ఆ వీల్ మీదే హైవే ఎక్కేసేవాణ్ణి."

"అది నీ అదురుష్టం. నా గొప్ప కాదు." ఆయన కుర్చీలో కూలబడి, నేలకేసి చూస్తూ గొణిగారు. "తప్పు నాదే."

వంటింటి గుమ్మంలోంచి, వీధి చివర పాలవాడి సైకిల్ బెల్లు కూడా వినగలిగే సూర్యకాంతం గారు చేయి చెవికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏటన్నారు? నాకు సరిగ్గా ఇనపడ్నేదు."

పోలరాజు గారు భార్యని చూశారు. కూతుర్ని చూశారు. రెండో సీటు తలుపు తెరిచి పట్టుకుని, నవ్వు ఆపుకుంటున్న ఆరడుగుల కుర్రాణ్ణి చూశారు. తప్పించుకునే దారి ఎటూ లేదు.

"తప్పు నాదేనే," అన్నారు, ఈసారి వీధి వీధంతా వినపడేలాగ.